తొంభై నాలుగు చెప్పే కబురు

ఇంటర్నెట్ స్పీడు కొలిచే పేజీ తెరిచారనుకోండి. అంకె గబగబా పైకి లేచి 94 దగ్గర ఆగింది. పొద్దున్నే చూసినా 94. రాత్రి ఊరంతా సినిమాలు చూసే వేళ చూసినా 94. మీరు నెలనెలా డబ్బు కడుతున్నదేమో 300కి. ఇలాంటప్పుడు వెంటనే కంపెనీకి ఫోన్ చేసి కేకలేయకండి నాయనా. తేడా మీ ఇంట్లోనే ఉందని ఆ అంకె చెబుతోంది. కాస్త ఓపిగ్గా వింటే ఏ మూల ఉందో కూడా చెబుతుంది.

మా చందానగర్ సంగతి తెలుసుగా. ముంబై హైవే పక్కన, అటు మియాపూర్‌కీ ఇటు లింగంపల్లికీ మధ్య. ఒకప్పుడు ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నవాళ్ళలో చాలామంది నాలాగా రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో పనిచేసినవాళ్ళే. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని వాజ్‌పేయిగారు ప్రారంభించాక మా పేటల ముఖం అటు తిరిగింది. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఏ తలుపు తట్టినా హైటెక్ సిటీకో, గచ్చిబౌలికో, నానక్‌రామ్‌గూడకో పనికెళ్ళే పిల్లలు కనబడతారు. 2020లో కరోనా వచ్చాక ఆ ఆఫీసులు సగం ఇళ్ళలోకే వచ్చేశాయి. హాల్లో రౌటరు, పడగ్గదిలో బల్ల, మధ్యన గోడలోంచో గుమ్మం మీదనుంచో ఒక ల్యాన్ కేబుల్.

"అంకుల్, వైఫైలో 250 వస్తోంది. వైరు పెడితే 94కి పడిపోతోంది. వైరుకే కదా ఎక్కువ రావాలి?" అన్నాడు మా కింది ఫ్లాటు కుర్రాడు. సగం జవాబు అతని ప్రశ్నలోనే ఉంది. వైఫైకి 250 వస్తోందంటే రౌటరు దాకా కంపెనీ పంపాల్సింది పంపుతోంది. అక్కణ్ణుంచి అతని బల్ల దాకా ఉన్న నాలుగు బారల దూరంలోనే ఎక్కడో పీటముడి పడింది.

ముందు ఈ 94 ఎక్కడిదో చూద్దాం. కంపెనీ లైనులో రద్దీ వల్ల వేగం తగ్గితే అంకెకు నిలకడ ఉండదు. ఒకసారి 180, ఇంకోసారి 60, అర్ధరాత్రి దాటాక 290. అలా కాకుండా ఎప్పుడు చూసినా ఒకే చోట ఆగుతోందంటే, దారిలో ఏదో ఒక పరికరం తన శక్తి అంతేనంటోందన్నమాట. మన ఇళ్ళలో ఉండే నెట్‌వర్క్ పోర్టులకు మెట్లుంటాయి. సెకనుకు 10 మెగాబిట్లు ఒకటి, 100 ఒకటి, 1000 ఒకటి. ఈమధ్య వచ్చిన ఖరీదైన వాటికి 2500 మెట్టు కూడా ఉంది. రెండు మెట్ల మధ్య, ఏ 250 దగ్గరో నిలబడే వీల్లేదు. ఆ కుర్రాడి కేబుల్ 100 మెట్టు మీద ఉంది.

మరి 100 అయితే 100 రావాలిగా, ఆ ఆరు ఏమైనట్టు? చూడండి, సమాచారం వైరు మీద ముక్కలుముక్కలుగా పోతుంది. పెద్ద ముక్క 1500 బైట్లు. అందులో ఎవరు ఎవరికి పంపారు, ఇది ఎన్నో ముక్క అనే చిరునామా లెక్కలకే 40 బైట్లు పోతాయి. చాలా పరికరాలు టైము గుర్తు కోసం ఇంకో 12 రాసుకుంటాయి. ఇవి కాక ముక్క బయట ఉండేవి వేరే: రాబోతోందని ముందుగా ఒక సంకేతం 8 బైట్లు, ఆ తరవాత శీర్షిక 14, చివర్న తప్పొప్పులు సరిచూసే అంకె 4, తరవాతి ముక్క మొదలయ్యేలోపు వదలాల్సిన ఖాళీ 12. మొత్తం 38. అంటే వైరు మీద 1538 బైట్ల చోటు పట్టే ముక్కలో మన అసలు సరుకు 1448. భాగించి చూడండి, నూటికి 94 చిల్లర వస్తుంది. టైము గుర్తు రాసుకోని కంప్యూటరైతే 94.9 వస్తుంది. 100 మెట్టు మీదున్న వైరును చందానగర్‌లో కొలిచినా చికాగోలో కొలిచినా ఇదే లెక్క. 1000 మెట్టు మీదైతే ఇదే పద్ధతిలో 940 చిల్లర వరకూ పోతుంది.

ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పెద్ద ఫైలు పంపేటప్పుడు 11 అని కనిపించినా ఇదే కథ. అక్కడ బిట్లలో కాక బైట్లలో చూపిస్తారు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 94ని ఎనిమిదితో భాగిస్తే పదకొండున్నర పైచిలుకు. 300 ప్లాన్ తీసుకుని డౌన్‌లోడ్ 37 దాటలేదని బాధపడేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ లైను నిక్షేపంలా ఉంది, నిశ్చింతగా వాడుకోవచ్చు.

లెక్క చేయడం ఇష్టం లేకపోతే కంప్యూటర్నే అడగొచ్చు. విండోస్‌లో సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్‌లోకి వెళ్ళి, ఈథర్‌నెట్ మీద నొక్కితే కింద "లింక్ స్పీడ్" అని ఒక వరస కనిపిస్తుంది. 1000/1000 అని ఉంటే కేబుల్ పైమెట్టు మీదుంది. 100/100 అని ఉంటే మనం వెతుకుతున్న జబ్బు అదే. స్పీడు టెస్టు కన్నా ముందు చూడాల్సింది ఈ వరస. ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా, మీ కంప్యూటరుకూ కేబుల్ అవతలి కొసన ఉన్న డబ్బాకూ మధ్య ఏం ఖాయమైందో ఇదొక్కటే చెబుతుంది.

ఆ ఖాయం కావడం చాలా ముచ్చటైన వ్యవహారం. కేబుల్ తగిలించగానే రెండు వైపుల పరికరాలూ సంబంధం మాట్లాడుకుంటాయి. పెళ్ళిమాటల్లో ఇరుపక్షాల పెద్దలూ కూర్చుని మాకింత చేతనవుతుంది, మీకెంత అని తేల్చుకున్నట్టే, నాకు 10 వచ్చు, 100 వచ్చు, 1000 వచ్చు, మరి నీకో అని అడుగుతాయి. ఇద్దరికీ చేతనైన వాటిలో పెద్దది ఖాయం చేసుకుంటాయి. కేబుల్లో నాలుగు జతలు, అంటే ఎనిమిది తీగలు ఉంటాయి. మాటలన్నీ ఆరెంజ్, గ్రీన్ అనే రెండు జతల మీదే సాగిపోతాయి. 100 మెట్టుకు పని కూడా ఆ రెండింటి మీదే నడుస్తుంది. 1000 మెట్టుకు మాత్రం బ్లూ, బ్రౌన్ జతలు కూడా ఉండి తీరాలి. బ్రౌన్ తీగ ఒక్కటి తెగి ఉందనుకోండి. మాటలు చక్కగా జరిగాయి, 1000 అని ఖాయం చేసుకున్నారు, తీరా మొదలుపెట్టబోతే కుదరలేదు. మళ్ళీ మాటలు, మళ్ళీ అదే తంతు. కొన్నిసార్లు చూశాక చాలా చిప్పులు ఇక చాల్లే అని 100కి దిగిపోతాయి. మనకు కబురైనా పెట్టవు. కొన్ని చిప్పులకు దిగడం తెలీదు, అవి పట్టుకుంటూ వదులుతూ ఉంటాయి. నెట్ వచ్చిపోతూ ఉందనేవాళ్ళ ఇళ్ళలో కొన్నిటికి కారణం ఇదే.

ఇందులోని గొప్పతనం కూడా చెప్పాలి. 1973 మే 22న అమెరికాలో జెరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ ఆలోచనను కాగితం మీద పెట్టాడు. డేవిడ్ బాగ్స్‌తో కలిసి కట్టిన మొదటి నెట్‌వర్క్ వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. మెట్‌కాఫ్‌కి 2022 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఆ మొదటి నెట్‌వర్క్ టీవీ కేబుల్ లాంటి లావుపాటి తీగ మీద నడిచింది. 1990లో 10 మెగాబిట్లను టెలిఫోన్ తీగల్లాంటి సన్న జతల మీదికి తెచ్చి ప్రమాణం రాశారు. 1995లో 100 వచ్చింది, 1999లో 1000. ఆ చివరి అంగలో చేసిన పని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. తీగ మార్చకుండా వేగం పదింతలు చేశారు! ఒక్కో జత మీద సెకనుకు పన్నెండున్నర కోట్ల సంకేతాలు పంపడం 100 కాలంలోనే ఉంది. దాన్ని పెంచలేదు. సంకేతానికి మూడు వోల్టేజి స్థాయిలుండేవాటిని ఐదు చేశారు. దాంతో ఒక్కో సంకేతం రెండు బిట్లు మోస్తుంది, జతకు 250 మెగాబిట్లయింది. నాలుగు జతలూ వాడుకున్నారు, 1000 అయింది. పైగా అదే జత మీద ఒకే క్షణంలో పోయేదీ వచ్చేదీ రెండూ నడుస్తాయి. తను పంపిన సంకేతాన్ని వినబడేదాంట్లోంచి తీసేసి, మిగిలింది అవతలివాళ్ళ మాటగా పట్టుకుంటుంది చిప్పు. ఇంత సున్నితమైన పని జరుగుతోంది కాబట్టే ఎనిమిది తీగల్లో ఏ ఒక్కదానికి నలత చేసినా మెట్టు దిగాల్సి వస్తుంది.

మా కుర్రాడి కేబుల్ దగ్గరికొద్దాం. ముందు గోడ కేబుల్ని పక్కనపెట్టి, ల్యాప్‌టాప్‌ని రౌటరు పక్కకే తెచ్చి, రౌటరుతో పాటు డబ్బాలో వచ్చిన పొట్టి కేబుల్తో కలపమన్నాను. లింక్ స్పీడ్ 1000 వచ్చింది. అంటే రౌటరు పోర్టూ మంచిదే, ల్యాప్‌టాప్ పోర్టూ మంచిదే. ఏది వెతికినా ఇలా రెండు కొసలనూ ముందు తేల్చుకోవాలి. ఇక మిగిలింది గోడలోని కేబులూ, దాని రెండు ప్లగ్గులూ.

ప్లగ్గు పారదర్శకంగా ఉంటుంది కనుక విప్పకుండానే చాలా తెలుస్తుంది. క్లిప్పు అవతలివైపు ఉండేలా, కేబుల్ కిందికి వేలాడేలా పట్టుకుని కిటికీ దగ్గర వెలుతురులో చూశాం. ఎడమ నుంచి తెల్ల ఆరెంజ్, ఆరెంజ్, తెల్ల గ్రీన్, బ్లూ, తెల్ల బ్లూ, గ్రీన్, తెల్ల బ్రౌన్, బ్రౌన్. వరస సరిగ్గానే ఉంది. ఎనిమిది కొసలూ ప్లగ్గు ముందు గోడకు తగిలి చుక్కల్లా మెరవాలి. ఏడే మెరుస్తున్నాయి. చివరి బ్రౌన్ తీగ ఒక వెంట్రుకవాసి వెనకే ఆగిపోయింది. బంగారుపూత పళ్ళు పైనుంచి దిగి తీగలోకి గుచ్చుకోవాలి, దీనికి మాత్రం అంచు తగిలీ తగలనట్టు ఉంది. ఆ ప్లగ్గు కత్తిరించి, మా అల్లుడి క్రింపింగ్ టూల్ తెప్పించి కొత్తది కొట్టాం. లింక్ 1000కి లేచింది, టెస్టులో 300 దాకా వచ్చింది.

అందరిళ్ళలోనూ ఇంత తేలిగ్గా తెమలదు. మన హైదరాబాదులో ఇంటింటి ఇంటర్నెట్ ఈ రాగి కేబుల్ మీదే పెరిగింది. బీమ్ కేబుల్ అనేవాళ్ళు గుర్తుందా? తరవాత అది ఆక్ట్‌లో కలిసింది. ఫైబర్ వీధి దాకానో అపార్ట్‌మెంట్ దాకానో వచ్చి, అక్కడి డబ్బాలోంచి ఫ్లాట్లకు ల్యాన్ కేబుల్ వచ్చేది. 2017 మార్చిలో ఆక్ట్ ఈ ఊళ్ళో 1000 మెగాబిట్ల ప్లాను మొదలుపెట్టింది. అంతకుముందు పదిహేనేళ్ళలో ఊరంతా లాగిన కేబుల్స్‌లో చాలావాటికి 100 దాటి పనిపడలేదు. 100కి నాలుగు తీగలు చాలు కాబట్టి నాలుగే క్రింప్ చేసి, తక్కిన నాలుగింటిని పక్క ఫ్లాటు కనెక్షనుకో ఇంటర్‌కమ్‌కో సీసీ కెమెరా కరెంటుకో వాడుకున్న మేస్త్రీలున్నారు. ఆ కాలానికి అది తప్పని నేననను, ఉన్న కేబుల్ని పొదుపుగా వాడారు. కానీ ఇవాళ మీ గోడ సాకెట్ మూత విప్పితే వెనక బ్లూ, బ్రౌన్ తీగలు కత్తిరించి మడిచి పెట్టి ఉంటే ఆశ్చర్యపోకండి. వాటిని ఇంకెవరూ వాడుకోవడం లేదని తేల్చుకుని, రెండు కొసలా మళ్ళీ బిగిస్తే చాలా ఇళ్ళలో గోడ ముట్టకుండానే పని అయిపోతుంది.

ఇంకో చిక్కుంది, దీన్ని అనుభవమున్న మేస్త్రీలు కూడా కొందరు పట్టుకోలేరు. ఇందాకటి వరసలో బ్లూ జత మధ్యలో దూరి గ్రీన్ జతని విడదీసింది, గమనించారా? మూడో చోట తెల్ల గ్రీన్, ఆరో చోట గ్రీన్. చూడ్డానికి బాగుంటుందని కొందరు ఏ జతకా జత పక్కపక్కన పెట్టేస్తారు. రెండు కొసలా అలాగే పెడితే టెస్టర్ మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలన్నీ వరసగా వెలుగుతాయి. కేబుల్ బాగుందనే అనిపిస్తుంది. కానీ మూడో చోటూ ఆరో చోటూ కలిసి ఒక జతగా పనిచేయాలి. ఇప్పుడు ఆ రెండు చోట్లా ఉన్నవి ఒకదానితో ఒకటి పురి పడని తీగలు.

పురి ఎందుకంత ముఖ్యమంటే, పక్కనున్న కరెంటు తీగలూ మిగతా జతలూ అన్నీ కాస్తోకూస్తో గోల పెడుతుంటాయి. రెండు తీగలు పెనవేసుకుని ఉంటే ఆ గోల రెండింటి మీదా సమానంగా పడుతుంది. చిప్పు చూసేది రెండింటి మధ్య తేడాని కాబట్టి సమానంగా పడిన గోల దానికి వినబడదు. అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లోనే టెలిఫోన్ తీగల కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. మీ చేతిలో పాత కేబుల్ ముక్క ఉంటే ఒక జానెడు పొర ఒలిచి చూడండి. నాలుగు జతల్లో పురి ఒకేలా ఉండదు, ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా. ఒక జత గోల ఇంకో జతకు అంటకూడదని కావాలనే అలా చేస్తారు. ప్లగ్గు కొట్టేటప్పుడు కూడా అర అంగుళం కన్నా ఎక్కువ పురి విప్పకూడదు. వరస తప్పిన కేబుల్ పొట్టిగా ఉంటే ఎలాగో నెట్టుకొస్తుంది, ఇరవై మీటర్లుంటే తప్పులు మొదలవుతాయి. అప్పుడు 94 లాంటి నిలకడైన అంకె రాదు. 40, 7, 22 అని తైతక్కలాడుతుంది.

అలాంటప్పుడు స్పీడు టెస్టు మాని పింగ్ చూడాలి. కమాండ్ విండోలో పింగ్ అని మీ రౌటరు చిరునామా కొట్టండి, సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. వైరు మీద జవాబు ఒక మిల్లీసెకండు లోపే, ఒక్కటీ తప్పకుండా రావాలి. మధ్యమధ్య జవాబు రాకపోతే తప్పు మీ ఇంటి గోడల లోపలే ఉంది. కుర్చీ కాలు కింద నలిగిందో, తలుపు సందులో నొక్కుకుపోయిందో, ఫాల్స్ సీలింగ్‌లో ఎలుక కొరికిందో చూసుకోవాలి. డాబా మీదుగా వచ్చే కేబులైతే జాయింట్ చూడండి. వానాకాలం పోయాక ప్లగ్గు పళ్ళ మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. దాన్ని గీకి శుభ్రం చేస్తే రెండు వారాలు పనిచేస్తుంది, కత్తిరించి కొత్త ప్లగ్గు కొడితే శాశ్వతంగా పోతుంది.

కేబుల్ బాగుండి కూడా 94 చూపించే పరికరాలు కొన్ని ఉన్నాయి. రౌటరు డబ్బా మీద 1200 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది వైఫై తాలూకు రెండు బ్యాండ్లను కలిపి వేసిన లెక్క, 300కి 867 కలిపి దగ్గరికి సవరించింది. వెనక వైరు పోర్టులు మాత్రం 100వే అయివుండొచ్చు. కొనేముందు డబ్బా పక్కన చిన్నక్షరాల్లో "10/100" అని ఉందో "10/100/1000" అని ఉందో చదవండి. ల్యాన్ పోర్టు లేని ల్యాప్‌టాప్‌కి కొనే యూఎస్‌బీ అడాప్టర్లలో చౌకవి కూడా 100వే. టీవీల ల్యాన్ పోర్టు చాలా కంపెనీలు ఇప్పటికీ 100వే పెడతాయి. 4కె సినిమాకి పాతిక మెగాబిట్లు చాలు కాబట్టి టీవీలో 94 చూసి కేబుల్ని అనుమానించకండి. ఆఫీసు వీపీఎన్ వేసుకుని కొలిస్తే తెలిసేది ఆఫీసు దారి వేగం, మీ ఇంటిది తెలీదు. కొలిచేముందు దాన్ని ఆపండి.

కేబుల్ కొనాల్సి వస్తే సికింద్రాబాద్ సీటీసీకో కోఠీ గుజరాతీ గల్లీకో వెళ్ళినా, చందానగర్ షాపులోనే తీసుకున్నా, ఒక పని తప్పకుండా చేయండి. తీగ కొసని బ్లేడుతో గీకి చూడండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే పైన రాగిపూత వేసిన అల్యూమినియం. మీద "క్యాట్ 6" అని అచ్చేసి ఉన్నా ప్రమాణాలు కోరేది రాగినే. అల్యూమినియం కరెంటుని రాగి కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా అడ్డుకుంటుంది. దానికన్నా పెద్ద బాధ, నాలుగుసార్లు వంచితే పుటుక్కున విరుగుతుంది. గోడలో మూసేశాక విరిగితే వెతకడానికి దారే లేదు. ఒకే బాక్సు ధరలో తేడా చూసి మోసపోకండి. చేతిలోకి తీసుకుంటే బరువులోనే తెలిసిపోతుంది. ఇంటి దూరాలకు మంచి రాగి క్యాట్ 5ఈ కూడా 1000కి సరిపోతుంది. ప్రమాణం ప్రకారం కొస నుంచి కొసకు 100 మీటర్ల దాకా పరవాలేదు, ఏ ఫ్లాటులోనూ అంత దూరం ఉండదు.

గోడ కేబుల్ నిజంగానే చెడిందని తేలితే, పాతదాని కొసకే కొత్తది గట్టిగా కట్టి, ఇన్సులేషన్ టేపు నున్నగా చుట్టి, అవతలి కొసనుంచి ఒకరు మెల్లగా లాగుతుంటే ఇవతల ఒకరు అందించండి. కట్టే ముందు పాతది పైపులో కదులుతోందో లేదో లాగి చూసుకోండి. కరెంటు వైర్లున్న పైపులో దూర్చనివ్వకండి, అది వేగానికీ మంచిది కాదు, మనిషికీ ప్రమాదం. మేస్త్రీ ఎలాగూ వచ్చాడు కాబట్టి రెండు కేబుల్స్ లాగించండి, రెండోదాని ఖర్చు కూలితో పోలిస్తే తక్కువే. బిగించాక అతను వెళ్ళకముందే ల్యాప్‌టాప్ తగిలించి రెండింటి మీదా లింక్ స్పీడ్ 1000 అని కనిపించేదాకా చూడండి. ఏ కొస ఏ గదిదో ప్లగ్గు దగ్గర స్కెచ్ పెన్నుతో రాయించండి.